దయ్యాలు పడెయ్యవు

టొలీడో, ఒహాయో
సెప్టెంబరు నెలాఖరు, 1981

నోరీనక్కా,

ఫోన్‌లో చెబితే సగంలో పెట్టేస్తావు. కాగితం మీద రాస్తే నన్ను తిట్టడానికి కనీసం స్టాంపు అతికించేంత సేపైనా ఆగుతావని ఈ ఉత్తరం.

నీ కొడుకు బాగానే తింటున్నాడు. మంగళవారం మంగళవారం మా ఇంటికి వస్తాడు. మా ఆవిడ గ్లోరియా వాడికి వడ్డించేది చూస్తే, వాడు ఆడేది ఫుట్‌బాలో సుమో కుస్తీయో అర్థం కాదు. మాటలు మాత్రం తక్కువ. లాయిడ్ బావ పోయినప్పటి నుంచి అంతేగా. అడిగిన దానికి జవాబు చెబుతాడు, నవ్వాల్సిన చోట నవ్వుతాడు.

నా పని నీకు కొత్తగా చెప్పాలా! ఆట అయిన మర్నాడు చీకటి గదిలో ఫిల్ము ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ, బంతి అందుకుని విసిరే కొత్త క్వార్టర్‌బ్యాక్, ఈ ఏడు మీవాడే, చేసిన ప్రతి పనికీ ఓ గుర్తు వెయ్యడం. మంచిదైతే ప్లస్, చెడ్డదైతే మైనస్, రెండూ కాకపోతే సున్నా. నాన్న మనకి భోజనాల బల్ల దగ్గర వేసేవాడు చూడు, అచ్చం అలాగే. నువ్వు సూపు ఒలకబోస్తే మైనస్, నేను ఒలకబోసి తుడిస్తే సున్నా. ఇన్నేళ్ళూ ఊళ్ళో బడి జట్టుకి ఆట నేర్పిన మనిషి, సొంత పిల్లలకి ఒక్క ప్లస్ వేసిన గుర్తు నాకు లేదు.

ఇక్కడ మా పెద్ద కోచ్ డ్రిస్కల్ మొదటి రోజే అందరిముందూ అన్నాడు: "ఎమెట్, వాడికి నువ్వు మేనమామవి. నీ మార్కుల్లో ప్రేమ కలిసిందో, నాకు వాసనొచ్చేస్తుంది." గదంతా నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్నుంచి అటో ఇటో తేలని వాటికన్నిటికీ మైనసే వేస్తున్నాను. నువ్వు కోప్పడతావని తెలుసు. కానీ నా నోటి నుంచి వాడి గురించి ఎప్పుడైనా ఒక మంచిమాట వస్తే, అది చెల్లాలంటే ఇదొక్కటే దారి.

పోయిన ఆదివారం లూయీవిల్‌తో ఆటలో, మా ఆటవాళ్ళు అన్నట్టు, వాడికి గంట మోగింది. వెనక్కి పడ్డప్పుడు తల నేలకి గట్టిగానే తగిలింది. ముక్కు దగ్గర ఘాటు మందు పెట్టారు, లేచాడు. ఇవాళ ఏం వారం అని అడిగితే ఆదివారం అన్నాడు. మన ఆటలన్నీ ఆదివారమే కదా, అదేం పెద్ద పరీక్ష కాదులే అని మేమంతా నవ్వుకున్నాం. కాసేపాగి మళ్ళీ దిగి ఆట పూర్తి చేశాడు. పేపర్లో చదివి కంగారు పడతావని ముందే రాస్తున్నాను.

నీ తమ్ముడు,
ఎమెట్

కార్వర్స్ రన్, పెన్సిల్వేనియా
అక్టోబరు మొదటివారం

ఒరేయ్ ఎమెట్,

స్టాంపు అతికించేశాను, ఇక తిట్లు.

తేలనివన్నీ మైనసా? పెరటి చెట్టు మందుకి పనికిరాదని నాన్న దగ్గర నేర్చుకున్నావు, ఇప్పుడు నా కొడుకు మీద వాడుతున్నావు. వాడు ఈ పనిలో చేరి నిండా రెండు నెలలు కాలేదు. బంతి చేతిలోకి వచ్చాక కళ్ళు మూసి తెరిచేలోపు ఎవడికి విసరాలో తేల్చుకోవాలి, అవతల కొండల్లాంటి వాళ్ళు మీదికొస్తుంటారు. నువ్వు కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ, అదే ముక్క పదిసార్లు వెనక్కి తిప్పి చూసి మార్కులు వేస్తావు. వాడికి వెనక్కి తిప్పే మీట లేదురా.

నేను బాగానే ఉన్నాను. అందరూ అదే అడుగుతారు, అందరికీ అదే చెబుతాను. బడి క్యాంటీనుకి వెళ్తున్నాను, పిల్లలకి వడ్డిస్తున్నాను, ఇంటికొచ్చి టీవీ పెడుతున్నాను. ఏడుపు మాత్రం రావట్లేదు. పన్ను పీకే ముందు సూదిమందు వేస్తారు చూడు, ఒళ్ళంతా అలా ఉంది. నా పెదవి నేనే కొరుక్కున్నా తెలిసేట్టు లేదు. లాయిడ్ చొక్కాలు చర్చికి ఇచ్చేశాను. చేతులు చకచకా మడతపెట్టేశాయి. నాకే ఆశ్చర్యమేసింది.

నిన్న రస్సెల్ ఫోన్ చేశాడు. "అమ్మా, నాకు దయ్యాలు కనపడుతున్నాయే" అన్నాడు.

వాళ్ళ నాన్న కనపడ్డాడేమో అనుకున్నాను. అయ్యుంటే ఎలా ఉన్నాడని అడిగేదాన్నే. తర్వాత వెలిగింది, ఇది ఆట మాట అని. ఒకసారి గట్టిగా దెబ్బతిన్నవాడికి ఎవరూ లేనిచోట కూడా ఎవడో మీదికి దూకుతున్నట్టుంటుంది, ఉత్తినే గెంతుతాడు, వంగుతాడు. మన ఇంట్లో పుట్టినదానికి ఇది ఒకరు చెప్పాలా!

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"లూయీవిల్ నుంచి."

"ఓస్, ఎవరికి కనపడవురా! మీ మామయ్య కాలేజీలో బంతి పట్టుకుని కుందేలులా గెంతేవాడు, అడుగు కావాలంటే."

"అది కాదమ్మా..."

"తాతయ్య ఏమనేవాడు?"

పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. "దయ్యాలు పడెయ్యవు. మనుషులే పడేస్తారు."

"ఆఁ. మరి నిలబడు."

"సరే" అన్నాడు. పొయ్యి మీద క్యాబేజీ మాడుతోంటే పెట్టేశాను.

నువ్వూ కాస్త ధైర్యం చెప్పు వాడికి. మైనసులు మాని.

నోరీన్

టొలీడో
అక్టోబరు మూడోవారం

అక్కా,

కుందేలు మాట అక్కర్లేదు. ఆ ఏడు నా ముందు నిలబడి నన్ను కాయాల్సినవాళ్ళు కాపలా కాయలేదు, అంతే.

మీవాడి సంగతి దాచకుండా రాస్తాను. బాలేదు. కుడివైపు విసిరిన బంతులు చూస్తే ముచ్చటేస్తుంది, బావ భుజమే వాడికొచ్చింది. ఎడమవైపు మాత్రం ప్రతిదీ మనిషికి బారెడు ఎడంగా, ఖాళీ గడ్డిమీదికి పోతోంది. తొందరపడి విసరడం లేదు, ఆలస్యమూ లేదు. అంతే దూరంలో, అదే పక్కకి. పైగా కొత్తగా ఒక పాడు అలవాటు పట్టాడు, మొహం ఎడమకి తిప్పి కంటికొస నుంచి చూస్తున్నాడు, కోడిపుంజు చూసినట్టు. దానికీ మైనసే.

నాన్న చెప్పేది గుర్తుందా? "మొదటి ఏడు కుర్రాడిలో గెలుపులు లెక్కపెట్టకు. తప్పులు చూడు. వారానికో కొత్త తప్పు చేస్తే వాడు నేర్చుకుంటున్నట్టు. అదే తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తే వాడికి చెప్పడం దండగ." ఇన్నేళ్ళలో ఎందరో కొత్తవాళ్ళని ఈ ముక్కతోనే తూచాను. ఎప్పుడూ తప్పలేదు. రస్సెల్ అదే తప్పు చేస్తున్నాడు, అక్కా. ప్రతి వారం.

వచ్చే వారం మాకు ఆట లేదు. ఆ సెలవు లోపే జట్టు యజమాని ఒక్క పేజీలో తేల్చి రాయమన్నాడు. ఈ కుర్రాణ్ణి ఆడించాలా, లేక కూర్చోబెట్టి పాత క్వార్టర్‌బ్యాక్ ముసలి బార్టన్‌ని ఆటలోకి దించాలా? ఒకసారి కూర్చోబెడితే కొత్తవాడికి మళ్ళీ చోటు దొరకడం కష్టం, నీకు తెలుసు. నాలుగు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను. వాడి జబ్బేమిటో ఒక మాటలో చెప్పలేకపోయాను. నీ ఉత్తరంలో ఆ మాట దొరికింది. "దయ్యాలు చూస్తున్నాడు" అని రాశాను. డ్రిస్కల్ చదివి బల్ల మీద చరిచాడు. "అదీ మాట! తాడుని చూసి పామంటున్నాడు వీడు" అన్నాడు. అందరూ తలలూపారు. ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఒక మేలు జరిగింది. అది జబ్బు కాదు భయమే కాబట్టి, ఒమాహాతో ఆట ఒక్కటీ వాడికిద్దామన్నారు. నిలబడితే ఉంటాడు, గెంతితే బార్టన్ దిగుతాడు.

ఎమెట్

కార్వర్స్ రన్
అక్టోబరు చివర

ఎమెట్,

అక్కగా నీకు చెప్పుకున్న మాటని రిపోర్టులో ఎక్కించావు. రాసేముందు ఒక్కసారి నన్నడగాలనిపించలేదా? వాడు తల్లికి చెప్పుకున్నది అది, యజమానికి కాదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడిందని ఊరికే అనలేదు.

కోపమొస్తోందని రాస్తున్నాను కానీ, నిజంగా వస్తోందో లేదో నాకే తెలియట్లేదు. రావాలి కదా అని రాస్తున్నాను.

ఇంకో సంగతి. మొహం తిప్పి చూడటం వాడికి ఎప్పుడూ లేదు. బళ్ళో తీసిన ఫొటోలన్నీ గోడమీదే ఉన్నాయి, పొద్దున్న కాఫీ తాగుతూ చూశాను. అన్నిట్లోనూ ఎదురుగా, గుడ్లప్పగించి చూస్తున్నాడు. మీరే ఏదో కొత్త పద్ధతి నేర్పుతున్నారనుకున్నాను.

వాడికి నేనే ఫోన్ చేశాను. ఈసారి నిలబడు నాన్నా అన్నాను. ఎవడు కనపడినా కదలకు, మీ మామయ్య చేత ఒక్క ప్లస్ వేయించు అన్నాను. "కదలనమ్మా" అన్నాడు. ఇంకేదో అనబోయినట్టున్నాడు. మాట్లాడితే ధైర్యం సడలుతుందని నేనే పెట్టేశాను.

నోరీన్

టొలీడో
నవంబరు, ఆట మర్నాడు

అక్కా!

వేశాను. ప్లస్ వేశాను. ఫిల్ము ఇంకా మిషన్‌లోనే ఉంది, ముందు నీకు రాస్తున్నాను.

మూడో అంకం. ఎడమ నుంచి వాళ్ళ పెద్ద మనిషి ఒకడు, మనవాళ్ళని తోసుకుని ఎవరి అడ్డూ లేకుండా దూసుకొచ్చాడు. రస్సెల్ చూశాడు. చూశాడని ఫిల్ములో స్పష్టంగా తెలుస్తోంది, మొహం అటే ఉంది. అయినా ఒక్క అంగుళం కదలలేదు. తాపీగా కుడివైపు చూసి, బంతి విసిరి, అప్పుడు దెబ్బ తిన్నాడు. బంతి వెళ్ళి మనవాడి చేతుల్లో పడింది, గీత దాటాడు, గెలిచాం. డ్రిస్కల్ ఫిల్ము ఆపించాడు. "చూడండ్రా, మొదటి ఏడు కుర్రాడు! రాయిలా నిలబడ్డాడు. దయ్యాలు వదిలాయి" అన్నాడు. నేను ఏ మొహమాటం లేకుండా ప్లస్ వేశాను. ఎవరూ మేనమామ అనలేదు.

దెబ్బ మాత్రం పెద్దదే తగిలింది. లేవడానికి కాస్త సేపు పట్టింది. అయినా బట్టలు మార్చుకునే గదిలో నవ్వుతూనే ఉన్నాడు. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయంటున్నాడు. చలికి అయ్యుంటుంది. రేపు మంగళవారం కదా, భోజనానికి వస్తాడు. గ్లోరియా మాంసం నానబెట్టింది.

నాన్న ఉంటే బాగుండేది.

ఎమెట్

టొలీడో
అదే వారం, గురువారం

అక్కా,

మంగళవారం రాత్రి నీకు ఫోన్‌లో చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను. అప్పుడు నువ్వు పెట్టెయ్యలేదు, కానీ నేనే సరిగ్గా చెప్పలేకపోయాను.

భోజనానికి కూర్చున్నాం. గ్లోరియా బంగాళాదుంపలు వడ్డించింది. బల్ల ఆ చివర, వాడికి ఎడమపక్క, ఉప్పు డబ్బా ఉంది. రస్సెల్ చెయ్యి చాపి గాలిని పట్టుకున్నాడు. డబ్బాకి జానెడు ఎడంగా. వేళ్ళు మూసుకున్నాయి, లోపల ఏమీ లేదు. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ గాలే. అప్పుడు మొహం ఎడమకి తిప్పి, కంటికొస నుంచి చూసి, డబ్బా అందుకుని ఉప్పు చల్లుకున్నాడు. ఏమీ జరగనట్టు తినసాగాడు.

ఫిల్ములో ప్రతి వారం నేను చూసింది అదే. అదే దూరం, అదే పక్క. నా ఫోర్కు చేతిలోనే ఉండిపోయింది.

"రస్, ఎన్ని డబ్బాలున్నాయిరా అక్కడ?" అన్నాను.

"రెండు" అన్నాడు. "ఒకటి దయ్యం. అమ్మకి చెప్పానుగా."

"ఏం చెప్పావు?"

"దయ్యాలు కనపడుతున్నాయని. ఎడమపక్క చూస్తే ప్రతి మనిషికీ పక్కన వాడి దయ్యం ఉంటుంది, వాడిలాగే. దానికి వేరే పేరు ఉందా మామయ్యా?"

గ్లోరియా ఏప్రన్‌తో నోరు మూసుకుంది. వాడే మళ్ళీ చెప్పాడు, వాతావరణం సంగతి చెబుతున్నట్టు. "మొన్న ఒమాహావాడు కూడా ఇద్దరుగా వచ్చాడు. ఒకడు దయ్యమని తెలుసు, ఏ ఒకడో తెలియదు. ఇదివరకు ఇద్దరి నుంచీ తప్పించుకునేవాణ్ణి, మీరు మైనస్ వేసేవారు. అందుకని ఈసారి ఇద్దరూ లేరనుకుని నిలబడ్డాను."

కారులో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు వాడి కళ్ళముందు వేలు అటూ ఇటూ తిప్పి చూశాడు, అంతే, నిమిషం పట్టలేదు. ఎడమకన్ను బయటికి తిరగడం లేదు. తలకి మొదట తగిలిన దెబ్బకే కంటిని తిప్పే నరం చచ్చుబడిందట. మొహం తిప్పుకుంటే రెండు బొమ్మలూ ఒకటవుతాయి కాబట్టి వాడంతట వాడే ఆ ఉపాయం కనిపెట్టుకున్నాడట. నేను దాన్ని పాడు అలవాటన్నాను. రెండో దెబ్బకి మెదడు పక్కన నెత్తురు చేరింది. నిన్న తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. కన్ను నెలల మీద సర్దుకోవచ్చు, వేళ్ళ సంగతి చెప్పలేమన్నారు. ఆట ఇక లేదు. ఆ మాట వాడి ముందే చెప్పారు. "సరే" అన్నాడు.

ఆఫీసుకి వెళ్ళి ఆ ప్లస్ కొట్టేద్దామని కాగితం తీశాను. కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కొట్టెయ్యలేకపోయాను, ఉంచలేకపోయాను. నువ్వు ఏది చెబితే అది చేస్తాను.

బస్సు వద్దు, టికెట్ పంపిస్తున్నాను, విమానంలో రా. స్టేషన్లో ఎక్కడైనా ఒంటరిగా కూర్చుంటావని భయంగా ఉంది.

ఎమెట్

కార్వర్స్ రన్
డిసెంబరు

ఎమెట్,

ఇంటికి చేరాం. దారంతా మంచు. రస్సెల్ కిటికీ పక్క కూర్చుని, ఎడమకంటికి గుడ్డ కట్టుకుని, నిద్రపోయాడు. ఊరి మొదట్లో బడి మైదానం దాటాం. లేపలేదు.

జనం వస్తున్నారు. వాళ్ళు వండి తెచ్చిన క్యాసరోల్ గిన్నెలతో ఫ్రిజ్ నిండిపోయింది, లాయిడ్ పోయినప్పటిలాగే. మూతలు కూడా అవే. అందరూ ఒమాహా ఆట గురించే మాట్లాడతారు. "ఎంత ధైర్యంరా అబ్బాయ్, రాయిలా నిలబడ్డావు!" అంటారు. వాడు థాంక్స్ అంటాడు. నేను గిన్నెలు లోపలికి తీసుకెళ్తాను. వాడికి బంతి ఇస్తే కుడిచేత్తో పట్టుకుని చూస్తాడు, తర్వాత ఎడమచేత్తో తడుముతాడు, ఉందో లేదో చూసుకున్నట్టు.

నీ కాగితం సంగతి. ప్లస్ కొట్టెయ్యకు. వాడు గెంతినప్పుడే సరిగ్గా గెంతాడు, మొహం తిప్పినప్పుడే సరిగ్గా తిప్పాడు, వాటన్నిటికీ నువ్వు మైనస్ వేశావు. మనం చెప్పింది చెప్పినట్టు చేసింది ఆ ఒక్కసారే. అది వాడి ప్లస్ కాదు, మనది. ఉండనీ. చూసినప్పుడల్లా కళ్ళబడాలి, నీకూ నాకూ.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఆ మాట నీకు అందించింది నేను, నాకు అందించింది నాన్న. నాన్న మాట తప్పని కూడా అనను. దయ్యాలు పడెయ్యలేదు, మనిషే పడేశాడు. దయ్యం పక్కన ఉన్నవాడు.

నిన్న మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నాం. బంగాళాదుంప కూరి పియెరోగీలు చేశాను. పళ్ళెం వాడికి కుడిపక్క పెట్టాను, ఇప్పుడు అన్నీ కుడిపక్కే పెడుతున్నాను. తింటున్నాడు. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను.

"ఆ రోజు ఫోన్‌లో 'అది కాదమ్మా' అన్నావు. నేను చెప్పనివ్వలేదు. ఏమనబోయావు?"

నేను ఆగాను. పొయ్యి మీద ఏదో పొంగింది, పోనీ అని ఆగాను.

"ఇంటికొచ్చేస్తానని చెబుదామనుకున్నాను" అన్నాడు.

అంతే. మళ్ళీ తినసాగాడు. నేను లేచి సింకు దగ్గరికి వెళ్ళి నీళ్ళు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. వాడి కోసం మొదలుపెట్టాను, లాయిడ్ దాకా వెళ్ళాను. పొద్దుగూకేదాకా ఆగలేదు. వాడొచ్చి కుళాయి కట్టేసి, నా పక్కనే నిలబడ్డాడు.

సూదిమందు మత్తు దిగిపోయింది, ఎమెట్. నొప్పిగా ఉంది.

నోరీన్